నా వేలు తలుపులో నలగలేదు అమ్మలూ

అమ్మలూ,

రాత్రి పదకొండున్నర అయింది. మీ అమ్మ పడుకుంది, పడుకుందని పేరుకే, గోడవైపు తిరిగి, సముద్రం మధ్యలో ఆయిల్ బావి తవ్వే రిగ్ మీదకి రేపు నిన్ను మొదటిసారి తీసుకెళ్ళే హెలికాప్టర్ గురించి ఆలోచిస్తూ ఉంటుంది. నేను నీ బ్యాగు మూడోసారి సర్దాను. నువ్వు చూస్తే కోప్పడతావని నీ ఎదురుగా సర్దలేదు. అందులో నీ కంపెనీ వాళ్ళిచ్చిన గ్లౌజులు తీసేసి వేరేవి రెండు జతలు పక్క జేబులో పెట్టా, అది ముందే చెప్పేస్తున్నా, అక్కడికెళ్ళి వెతుక్కోకు.

ఎందుకు తీశానంటే, వాళ్ళు నీకిచ్చింది మగాళ్ళ పెద్ద సైజు. నిన్న నువ్వు వేసుకుని చూపించినప్పుడు ప్రతి వేలి చివరా అరంగుళం ఖాళీగా వేలాడుతోంది, నువ్వేమో నవ్వుతున్నావు. రిగ్ మీద ముందు దొరికేది ఆ ఖాళీ అరంగుళమే. రెండు ఇనప ముక్కల మధ్య ముందు గ్లౌజు కొస దూరుతుంది, దాని వెనకాల వేలు వెళ్తుంది. అందుకే సాయంత్రం కాకినాడ మెయిన్ రోడ్డులో నాలుగు షాపులు తిరిగా, చివరికి ఒకతని దగ్గర చిన్న సైజు దొరికాయి, ఆడపిల్లకి అంటే వింతగా చూశాడు. కవరాల్ కూడా చేతుల దగ్గర పొడుగైంది, అది మీ అమ్మ రాత్రి కుట్టేసింది. షూస్ మాత్రం నా వల్ల కాలేదు, అక్కడ స్టోర్‌లో నీ సైజు అడుగు, లేదంటే కాగితం మీద రాసి అడుగు. సిగ్గుపడి రెండు జతల సాక్సులు తొడుక్కుని సర్దుకోకు, ఆ నిచ్చెనల మీద కాలు జారితే ఆపేవాళ్ళుండరు.

ఇదంతా ఎదురుగా చెప్పొచ్చుగా అంటావు. చెప్పలేనమ్మా, నీ మొహం చూస్తే మాట రాదు, పైగా నువ్వు "నాకు తెలుసులే నాన్నా" అంటావు. నిజంగానే నీకు తెలుసు కూడా. నాలుగేళ్ళు పెట్రోలియం ఇంజనీరింగ్ చదివావు, నేను ఇంటర్ తప్పి రౌస్టబౌట్‌గా, అంటే రిగ్ మీద మోతపనివాడిగా చేరినవాణ్ణి. మడ్, అంటే బావిలో నింపే బురద ద్రవం, దాని బరువుని లోతుతో గుణించి దాన్ని మళ్ళీ 0.052తో గుణిస్తే అడుగున ప్రెషర్ వస్తుందని నీకు సెకండియర్లోనే చెప్పారు, గ్యాలన్‌కి పది పౌండ్ల మడ్ పదివేల అడుగుల్లో 5,200 పి.ఎస్.ఐ. అని నువ్వు నోటితో చెప్తావు. నాకది డ్రిల్లర్ అయ్యాక గానీ తెలియలేదు. అందుకని లెక్కలు చెప్పను, పుస్తకంలో లేనివే చెప్తా. కొన్ని కాదు, ఒక్కటే అనుకో, మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే. ఫోన్లో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

నా ఎడంచేతి ఉంగరం వేలు ఉందిగా, పై కణుపు లేనిది. నువ్వు చిన్నప్పుడు ఆ మొండివేలు పట్టుకునే సంతకి నడిచేదానివి, వేరే వేలు ఇస్తే పట్టుకునేదానివి కాదు. ఎలా పోయింది నాన్నా అని అడిగినప్పుడల్లా రిగ్ మీద కేబిన్ తలుపులో పడి నలిగిందమ్మా అని చెప్పేవాణ్ణి. మీ అమ్మకీ అదే చెప్పా, మీ తాతయ్యకీ అదే. అది అబద్ధం. ఆ అబద్ధం నేను కనిపెట్టింది కూడా కాదు, నాకు రాసిచ్చారు, నేను సంతకం పెట్టా.

2003లో జరిగింది, నీకప్పటికి ఏడాది నిండలేదు. పడమటి తీరంలో ఒక జాకప్ మీద, అంటే సముద్రం అడుగున కాళ్ళు ఆనించి నిలబడే రిగ్ మీద ఉన్నా, కంపెనీ పేరు అనవసరం, నీకు తెలిసిన కంపెనీ కాదు. ఇప్పుడైతే చాలా రిగ్గుల్లో పైపులు బిగించడానికి ఐరన్ రఫ్‌నెక్ అని మెషీన్ ఉంటుంది, డ్రిల్లర్ కేబిన్లో కూర్చుని బటన్ నొక్కుతాడు. మా రోజుల్లో టాంగులు, చేత్తో పట్టుకోవాల్సినవి. పైనుంచి వైరు రోప్‌తో వేలాడదీసిన పెద్ద ఇనప పట్టకారు అనుకో, ఇద్దరు ముగ్గురు కలిసినా ఎత్తలేనంత బరువు, వెనక కౌంటర్ వెయిట్ ఉంటుంది కాబట్టి ఒక్కడే పక్కకి తోయగలడు. కింద పైపుకి ఒకటి, పై పైపుకి ఒకటి తగిలించి లాచ్ అనే గొళ్ళెం వేస్తాం, డ్రిల్లర్ చైన్ లాగుతాడు, పైపు బిగుసుకుంటుంది. ఒక్కో పైపు ముప్పై అడుగులు, పావు టన్ను పైనే. రాత్రంతా అదే పని, తగిలించు, లాగు, విడిపించు.

ఆ టాంగ్ లాచ్ అరిగిపోయింది. నెల రోజుల నుంచీ ఫ్లోర్ మీద అందరికీ తెలుసు. లాచ్ పడేటప్పుడు టక్ మని చప్పుడు రావాలి, మాది టప్ అనేది. ఆ చప్పుడు మీద జోకులు కూడా వేసుకునేవాళ్ళం, ముసలాడి పళ్ళసెట్టు అని. తెల్లవారుజామున మూడు దాటాక, పైపు లోపలికి దింపుతున్నాం, పని బాగా సాగుతోంది. నా చెయ్యి హ్యాండిల్ మీద ఉండాలి, అలసిపోయి దాని పక్కన పెట్టా. అది నా తప్పే, ఒప్పుకుంటా. డ్రిల్లర్ లాగాడు, లాచ్ ఊడింది, టాంగ్ గిర్రున తిరిగి పక్కనున్న స్తంభానికి కొట్టుకుంది, నా వేలు ఆ రెండింటి మధ్య ఉంది. నొప్పి వెంటనే రాలేదమ్మా, గ్లౌజు లోపల వెచ్చగా అనిపించింది అంతే.

మెడిక్ కట్టు కట్టాడు. అరగంటకి టూల్‌పుషర్ గారు, డ్రిల్లింగ్ వాళ్ళందరికీ పెద్ద, టీ పట్టుకుని వచ్చారు. ఆయన చెడ్డమనిషి కాదు, అది నువ్వు నమ్మాలి, మీ తాతయ్యకి కంటి ఆపరేషన్ అంటే జీతంలో కొట్టకుండా డబ్బు సర్దినాయన. మంచం మీద నా పక్కన కూర్చుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు, బోర్డు 961 మీద ఉందయ్యా.

బోర్డు అంటే నువ్వూ చూస్తావు, హెలికాప్టర్ దిగి మెట్లు దిగగానే ఎదురుగా ఉంటుంది. ప్రమాదంలో దెబ్బ తగిలి డ్యూటీ పోకుండా ఎన్ని రోజులు గడిచాయో దాని మీద రాస్తారు, రోజూ ఒకటి కలుపుతారు. ఎవడైనా దెబ్బ తగిలి మర్నాడు పనికి రాలేకపోతే సున్నా. వెయ్యి రోజులు నిండితే రిగ్ మీద అందరికీ బహుమతి అన్నారు, పైగా కాంట్రాక్టు పొడిగింపు మాటలు నడుస్తున్నాయి. ఇంకా 39 రోజులు. ఆయనే మళ్ళీ, రేపు నువ్వు ఒడ్డుకి హెలికాప్టర్ ఎక్కితే సున్నా అయిపోద్ది, ఎక్కకుండా టూల్‌రూంలో కూర్చుని స్పేర్లు లెక్కపెట్టుకుంటూ ఉంటే ఫస్ట్ ఎయిడ్ కిందకి వస్తుంది, ఫ్లోర్ మీద అయిందంటే అడుగుతారు కాబట్టి తలుపు అని రాద్దాం, నీ ఇష్టం ఆలోచించుకో అన్నారు. ఎనభై మంది నోట్లో మట్టి కొట్టినవాణ్ణి అవుతానని నాకనిపించింది. కుడిచెయ్యి బాగానే ఉందిగా, సంతకం పెట్టా.

ఆరో రోజుకి ఒడ్డుకి వచ్చేసరికి వేలు నల్లబడింది. కణుపు తీసేశారు. సరే పోయింది, ఒక కణుపుతో పోయింది అనుకున్నా.

అసలు సంగతి ఇదీ. తలుపు నలిపితే టాంగ్ ఎందుకు మారుస్తారు చెప్పు? కాగితంలో టాంగ్ లేదు. టాంగ్ మార్చాలంటే కారణం రాయాలి, కారణం రాస్తే తలుపు కథ తేలిపోతుంది. గ్రీజు పెట్టి మళ్ళీ అక్కడే తగిలించారు, అది అలాగే టప్ టప్ అంటూ పనిచేసింది. వెయ్యో రోజు వచ్చింది. బిర్యానీ, కేకు, ఒడ్డు నుంచి పెద్దవాళ్ళు వచ్చారు, తలా ఒక మిక్సీ ఇచ్చారు. మన వంటింట్లో ఉన్నది అదే. హాల్లో షోకేసులో ఫోటో ఉందిగా, బోర్డు కింద అందరం హెల్మెట్లు పెట్టుకుని, ఈసారి సరిగ్గా చూడు, నా ఎడంచెయ్యి వెనక్కి పెట్టుకుని ఉంటా.

1,017వ రోజు నేను ఇంటి దగ్గరున్నా, లీవులో. మధ్యాహ్నం ఫోనొచ్చింది. మీ అమ్మ వంటింట్లో ఆ మిక్సీయే వేస్తోంది, వినపడక ఏంటి ఏంటి అని రెండుసార్లు అడిగా. అదే టాంగ్, అదే లాచ్, శ్రీకాకుళం కుర్రాడు, చేరి నాలుగు నెలలైంది. టాంగ్ తిరిగి తొడకి తగిలింది, ఎముక రెండుచోట్ల విరిగింది. బతికాడు. నడుస్తాడు గానీ మళ్ళీ రిగ్ ఎక్కలేదు. పేరు రాయను. బోర్డు సున్నా చేశారు, ఆ సాయంత్రమే కొత్త టాంగ్ బిగించారట. స్టోర్‌లో కొత్తది మూడు నెలల నుంచీ ఉందమ్మా.

ఇన్నేళ్ళలో ఇది ఎవరికీ చెప్పలేదు. నువ్వు రిగ్ ఎక్కబోతున్నావు కాబట్టి చెప్పాల్సొచ్చింది.

ఇప్పుడు నువ్వంటావు, మా కంపెనీ అలాంటిది కాదు నాన్నా, ఇప్పుడు రూల్స్ వేరు అని. వేరే, నిజమే. 2008లో సముద్రం మీద పనులకి విడిగా సేఫ్టీ రూల్స్ వచ్చాయి, ఓ.ఐ.ఎస్.డి. అని ఆయిల్ కంపెనీల సేఫ్టీ చూసే ప్రభుత్వ సంస్థ వాళ్ళు తనిఖీకి వస్తారు, మాకు లేనివి చాలా వచ్చాయి. కానీ బోర్డు మాత్రం పోలేదు. అమెరికా దగ్గర సముద్రంలో పేలిపోయిన డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ గురించి నీకు క్లాసులో చెప్పే ఉంటారు. బావి ఎగదన్నితే మూసేసే పెద్ద వాల్వుల పేర్పు, బీ.ఓ.పీ., ఎలా ఫెయిలైందో, లోపల పైపు వంగిపోయి పక్కకి జరిగి బ్లైండ్ షియర్ ర్యాములనే కత్తెరలు దాన్ని సరిగా కొయ్యలేక బావి మూసుకోలేదని, 87 రోజులు ఆయిల్ సముద్రంలోకి పోయిందని చెప్పి ఉంటారు. 2010 ఏప్రిల్ 20న ఆ రిగ్ మీద పెద్ద ఆఫీసర్లు ఎందుకున్నారో చెప్పారా? ఏడేళ్ళు డ్యూటీ పోయే దెబ్బ ఒక్కటీ లేనందుకు మెచ్చుకోడానికి వచ్చారు. అదే రోజు సాయంత్రం నెగటివ్ ప్రెషర్ టెస్ట్ చేశారు, అంటే పైన బరువు తగ్గించి బావి లీకవుతోందా అని చూడటం, డ్రిల్ పైపు మీద 1,400 పి.ఎస్.ఐ. కనపడుతోంది, సున్నా ఉండాల్సిన చోట. దానికి బ్లాడర్ ఎఫెక్ట్ అని ఒక పేరు పెట్టారు, ఇంకో లైన్లో సున్నా చూసి పాసైందన్నారు. ఆ రాత్రి పదకొండు మంది పోయారు, 126 మందిలో. నేనది చదివినప్పుడు మా లాచ్ చప్పుడు గుర్తొచ్చింది. మేం దాన్ని పళ్ళసెట్టు అన్నాం, వాళ్ళు బ్లాడర్ అన్నారు. అర్థం కానిదానికి పేరు పెట్టేస్తే అర్థమైపోయినట్టు ఉంటుంది కదా.

బోర్డు వేళ్ళని లెక్కపెడుతుందమ్మా, గ్యాస్‌ని కాదు. చేతికి దెబ్బ తగలకపోతే బావి బాగున్నట్టు కాదు.

నీ పని ఎక్కువ డ్రిల్లర్ కేబిన్లో, బావి నుంచి వచ్చే మడ్‌ని పరీక్షించే మడ్ లాగింగ్ యూనిట్లో ఉంటుందన్నావు కాబట్టి ట్రిప్ ట్యాంక్ గురించి ఒక్క ముక్క, పైపు తీసేటప్పుడు బావి ఎంత మడ్ తాగిందో కొలిచే ట్యాంకు. కిక్, అంటే కింద నుంచి గ్యాసో నూనో బావిలోకి దూరడం, అందరూ డ్రిల్లింగ్ చేస్తుంటేనే వస్తుందనుకుంటారు, నా అనుభవంలో భయపడాల్సింది పైపు బయటికి తీసేటప్పుడు. బోరింగ్ పంపులో వాషర్ నీళ్ళని లాగినట్టు పైపు చివరి తొలిచే మొన, బిట్, పైకొస్తూ కిందున్న గ్యాస్‌ని లాగుతుంది. అయిదంగుళాల పైపు అయిదు స్టాండ్లు (మూడేసి పైపులు కలిపి ఒక స్టాండు) తీస్తే ఆ ఇనుము జాగాలో బావి సుమారు మూడున్నర బ్యారెళ్ళ మడ్ తాగాలి. రెండే తాగిందనుకో, మిగతా ఒకటిన్నర కింద నుంచి ఎవరో పోశారన్నమాట. షీట్ మీద రాసేవాడు నిద్రమొహంతో ముందు లైనే మళ్ళీ రాసేస్తాడు, నేను చూశా, నేను రాశా కూడా. నువ్వు కొత్తదానివి, నీకు చేతినిండా పనుండదు, వెళ్ళి ట్యాంకు దగ్గర నిలబడి నీ కళ్ళతో చూడు. లెక్క తేడా వస్తే డ్రిల్లర్‌తో చెప్పు. ఆయన ట్రిప్ ట్యాంక్ సెన్సార్ బాలేదమ్మా అంటే, సరే సార్ ఒకసారి పని ఆపి బావి దానంతటదే పారుతోందేమో చూద్దాం, ఫ్లో చెక్ చేద్దామా అను. ఫ్లో చెక్‌కి పట్టేది పదిహేను నిమిషాలు. దానికి ఎవరూ ఉరెయ్యరు, మహా అయితే విసుక్కుంటారు. నీది జాకప్ కాబట్టి బీ.ఓ.పీ. నీ కాళ్ళ కిందే ఉంటుంది, సముద్రం అడుగున కాదు, అంటే మూసేలోపే దాటి వచ్చిన గ్యాస్ నేరుగా మనుషులున్న చోటికే వస్తుంది. తప్పుగా బావి మూశావని ఎవడినీ తీసెయ్యరు, తీసేస్తే ఇంటికొచ్చెయ్, కొబ్బరికాయలు లెక్కపెట్టుకుందాం.

బావి తిరగబడితే ఎలా ఉంటుందో మన కోనసీమలో నీ వయసువాళ్ళకి తెలీదు. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుంది, 65 రోజులు మండింది, మార్చి 15కి గానీ ఆరలేదు. మన ఊరి నుంచి రాత్రిపూట ఆ వైపు ఆకాశం ఎర్రగా కనపడేది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు, కొబ్బరిచెట్లు మాడిపోయాయి. మీ నానమ్మ పెరట్లో నిలబడి అటే చూస్తూ "నువ్వు చేసేది ఆ పనేనా" అని అడిగింది నన్ను. అదైతే నేల మీద, మనుషులు పరిగెత్తడానికి రోడ్డుంది. నువ్వెళ్ళే చోట పరిగెత్తితే నాలుగు వైపులా నీళ్ళు.

వేలు అన్నాను కాబట్టి బాంబే హై సంగతి కూడా చెప్పేస్తా. 2005 జులై 27, ముంబైలో ఆ మహావాన పడిన మర్నాడు. సముద్ర సురక్ష అనే ఓడలో వంటాయనకి రెండు వేళ్ళ కొసలు తెగాయి. వాన వల్ల హెలికాప్టర్ రాలేదు. బాంబే హై నార్త్ ప్లాట్‌ఫాం మీదకి బుట్టలో ఎక్కిద్దామని ఓడని దగ్గరికి తెచ్చారు, అంత కెరటాల్లో. మనిషిని ఎక్కించారు కూడా. ఓడ వెనక్కి జరిగేటప్పుడు కెరటం ఎత్తి దాని హెలిడెక్ ప్లాట్‌ఫాం రైజర్లకి కొట్టుకుంది. రైజర్ అంటే సముద్రం అడుగు నుంచి గ్యాస్ వచ్చే గొట్టం. రెండు గంటల్లో ప్లాట్‌ఫాం మొత్తం పోయింది, 22 మంది చనిపోయారు, 362 మంది బయటపడ్డారు. టీవీలో ఆ మంట చూస్తూ నేను నా వేలు పట్టుకుని కూర్చున్నా. నాది దాచిపెట్టిన వేలు, ఆయనది దాచకుండా కాపాడదామనుకున్న వేలు, ఎవరూ చెడు చెయ్యాలనుకోలేదు. ఆ ప్లాట్‌ఫాం కట్టినవాళ్ళు రైజర్లని బయటివైపు పెట్టేటప్పుడు అంత పెద్ద ఓడ అంత దగ్గరికి వస్తుందని అనుకుని ఉండరు. నువ్వు ఇంజనీరువి, అది నువ్వు ఆలోచించు.

నిన్ను కూడా బుట్టలో దింపొచ్చు ఎప్పుడైనా, హెలికాప్టర్ లేని రోజున. సామాను బుట్ట లోపల, మనిషి బయట అంచు మీద, మొహం లోపలివైపు, చేతులు తాళ్ళ లోపలి నుంచి మెలేసి పట్టుకోవాలి. మోకాళ్ళు కొంచెం వంచి ఉంచు, కిందికి దిగేటప్పుడు ఓడ డెక్ పైకి ఎగిరి నీ కాళ్ళని తంతుంది. సముద్రం నీకు నచ్చకపోతే ఎక్కనని చెప్పొచ్చు, ఆ హక్కుంది, నేను రెండుసార్లు వాడుకున్నా. మునిగే హెలికాప్టర్ డబ్బా ట్రైనింగ్ ఫోటో పంపావుగా, తలకిందులుగా నీళ్ళలో, మీ అమ్మకి చూపించలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. పైన డెరిక్ వైపు, ఆ ఇనప టవర్ వైపు చూడకుండా ఎక్కడా నిలబడకు. ఎనభై అడుగుల మీద నుంచి కిలో నట్టు జారితే కిందికొచ్చేసరికి గంటకి డెబ్బై అయిదు కిలోమీటర్లు దాటుతుంది, హెల్మెట్ దానికి జవాబు కాదు. పైకెళ్ళినవాడి చేతిలో పానాకి తాడు కట్టి ఉందా లేదా చూడు. క్రేన్ బరువు ఎత్తుతుంటే దాన్ని తిప్పడానికి కట్టిన తాడు, ట్యాగ్ లైన్, చేతికి చుట్టుకోకు, ఊరికే పట్టుకో, పోతే వదిలెయ్యి. మడ్ పంపుల గదిలో ఊరికే తిరక్కు. మీ అన్నయ్య బైకు టైర్లో గాలి ముప్పై పి.ఎస్.ఐ. ఉంటుంది, ఆ గొట్టాల్లో మూడువేలు. ఆ పంపు మీద రిలీఫ్ వాల్వులో ఒక చిన్న పిన్ ఉంటుంది, ప్రెషర్ ఎక్కువైతే అది తెగి పంపుని కాపాడుతుంది. మాటిమాటికీ తెగుతోందని దాని జాగాలో వెల్డింగ్ రాడ్ ముక్క పెట్టిన మహానుభావుల్ని నేను చూశా. ఆ పిన్ ఎలా ఉండాలో మెకానిక్‌ని అడిగి ఒకసారి చూసి పెట్టుకో, అడిగితే మురిసిపోయి చూపిస్తాడు, ఎవరూ అడగరు అతన్ని.

హెచ్.టు.ఎస్. అనే విషపు గ్యాస్ గురించి నీకు తెలుసు, కుళ్ళిన గుడ్డు వాసన. తెలిసినా మళ్ళీ చెప్తున్నా, వాసన ఆగిపోయిందంటే గ్యాస్ పోయినట్టు కాదు, నూరు పి.పి.ఎం. (పదిలక్షల పాళ్ళ గాలిలో నూరు పాళ్ళు) దగ్గరికొచ్చేసరికి ముక్కే చచ్చిపోతుంది. అలారం మోగితే గాలిగుడ్డ ఎటు ఎగురుతోందో చూసి ఎదురుగాలికి నడువు. ఎవరైనా పడిపోయి కనపడితే మాస్కు లేకుండా వెళ్ళకు, నీ ప్రాణస్నేహితురాలైనా సరే. మన దగ్గర పాడుబడ్డ నూతిలో దిగి ఒకడు పడితే తీద్దామని ఇంకొకడు, వాడి కోసం ఇంకొకడు, అలా వరసగా పోయిన వార్తలు చదువుతాం చూడు, అదే ఇది.

డ్యూటీ మారేటప్పుడు మాత్రం తొందరపడకు. పన్నెండు గంటలు చేసినవాడికి మంచం కావాలి, వాడు "అంతా నార్మల్" అని వెళ్ళిపోతాడు. నార్త్ సీలో పైపర్ ఆల్ఫా అనే ప్లాట్‌ఫాం 1988 జులై 6న అలాగే పోయింది. పగటివాళ్ళు ఒక పంపు సేఫ్టీ వాల్వు రిపేరుకి తీసి ఆ చోట మూత చేత్తో బిగించి వెళ్ళారు, ఆ సంగతి రాత్రివాళ్ళకి చేరలేదు, పర్మిట్ కాగితం వేరేచోట ఉంది, రాత్రి రెండో పంపు ఆగితే వాళ్ళు ఇది ఆన్ చేశారు. 167 మంది. చాలామంది చెప్పినట్టే విని క్వార్టర్స్‌లో హెలికాప్టర్ కోసం ఎదురుచూస్తూ పొగలో పోయారు, సముద్రంలో దూకినవాళ్ళలో కొందరు బతికారు. అందుకని వెళ్ళేవాణ్ణి ఆపి మూడు అడుగు, ఏం విప్పారు, ఏం మూసి పెట్టారు, ఏది చప్పుడు మారింది. మొదటి రెండూ కాగితంలో ఉంటాయి. మూడోది ఉండదు.

నీకు అబ్జర్వేషన్ కార్డులని ఇస్తారు, రోజుకి రెండు రాయాలంటారు. అందరూ ఏం రాస్తారో తెలుసా, "ఒకతను మెట్ల కమ్మీ పట్టుకోలేదు, నేను చెప్పాను, అతను థ్యాంక్స్ చెప్పాడు." ఒకే కార్డు ఇరవై ఏళ్ళుగా నడుస్తోంది, నేనే ఒక అయిదొందలు రాసి ఉంటా. నువ్వు లాచ్ గురించి రాయి. నీకు దొరికిన లాచ్ ఏదైనా కావొచ్చు, అరిగిన వైరు రోప్, బ్యాటరీ అయిపోయిన గ్యాస్ డిటెక్టర్, తాళం వేసున్న లైఫ్‌బోట్ తలుపు. పేరు, తేదీ, టైం వేసి రాయి, ఫోటో తీయనిస్తే తీయి, కాపీ నీ దగ్గర పెట్టుకో. ఎవరైనా టీ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంటే టీ తాగు, మర్యాదగా మాట్లాడు, సంతకం మాత్రం మర్నాడు పెడతానని చెప్పు.

మీ అమ్మ నల్లతాడు, గొలుసు తీయొద్దంటుంది. తీసెయ్యి, పర్సులో పెట్టుకో, ఉంగరం కూడా. అక్కడ తిరిగేవి చాలా ఉంటాయి. జడ ముడేసి హెల్మెట్ లోపలికి దోపు. అమ్మ అడిగితే వేసుకున్నానని చెప్పు, ఆ ఒక్క అబద్ధానికి నేను పూచీ.

బ్యాగులో పైన పచ్చడి డబ్బా ఉంది, మూత మీద టేపు వేశా. సిగ్నల్ ఉన్నప్పుడు ఫోన్ చెయ్యి, లేనప్పుడు కంగారుపడకు, మేం పడతాంలే.

ఇంకొకటి. ఆ మిక్సీ మార్చేద్దామని నేను ఎన్నిసార్లు అన్నానో నీకు గుర్తుందా, సంక్రాంతి ఆఫర్లు వచ్చినప్పుడల్లా. మీ అమ్మ బానే తిరుగుతోంది కదా, మీ రిగ్ వాళ్ళు మంచి కంపెనీది ఇచ్చారు, ఇరవై ఏళ్ళైనా చెక్కు చెదరలేదు అని మెచ్చుకుంటుంది. తనకి తలుపు కథ ఇంకా తలుపు కథే. నువ్వు చెప్పకు, నువ్వు వెళ్ళాక ఈ పద్నాలుగు రోజుల్లో నేనే చెప్తా. ఆ శ్రీకాకుళం కుర్రాడి నంబరు కూడా ఒకరి దగ్గర ఉందని తెలిసింది, అడిగి తీసుకోవాలి.

నాలుగున్నరకి లేపుతా.

మీ నాన్న